రివర్‌లో ముందుగా ఆడవలసినవారు బెట్ వేయాలా, చెక్ చేయాలా?

ప్రశ్న: నేను మర్చంట్ నేవీలో పనిచేస్తున్నాను. సెలవుపై విశాఖపట్నం వచ్చినప్పుడల్లా ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో చిన్ననాటి మిత్రులం కూర్చుని, డబ్బు ప్రసక్తి లేకుండా చిప్స్‌తో మాత్రమే టెక్సస్ హోల్డెమ్ పోకర్ (ఒక్కొక్కరికి రెండు సొంత ముక్కలు, అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు ఉండే పేకాట) ఆడుకుంటాము. ఈమధ్య ఒక ఆటలో బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిప్స్) 20, 40గా ఉండగా, డీలర్ బటన్ (ఉమ్మడి ముక్కలు పడ్డాక చివరగా ఆడే స్థానం) దగ్గరున్న మిత్రుడు 100కు పెంచాడు. బిగ్ బ్లైండ్‌లో (40 పెట్టే స్థానంలో) ఉన్న నేను కళావరు రాజు, ఇస్పేటు పదితో కాల్ చేశాను (అతడికి సమానంగా చిప్స్ పెట్టాను). ఫ్లాప్‌లో (మొదటి మూడు ఉమ్మడి ముక్కలలో) ఆటీను రాజు, ఆటీను తొమ్మిది, కళావరు నాలుగు పడ్డాయి. నేను చెక్ చేయగా (చిప్స్ పెట్టకుండా వదలగా) అతడు 90 బెట్ వేశాడు, నేను కాల్ చేశాను. టర్న్‌లో (నాలుగవ ఉమ్మడి ముక్కగా) ఇస్పేటు రెండు వస్తే ఇద్దరమూ చెక్ చేశాము. రివర్‌లో (ఐదవ, ఆఖరి ముక్కగా) డైమను ఆరు వచ్చింది. అప్పటికి పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 400. నేను చెక్ చేశాను, అతడూ చెక్ చేసి తొమ్మిదుల జత చూపాడు. పాట్ నాకే వచ్చినా, నేను బెట్ వేసి ఉంటే కాల్ చేసేవాడినని అతడు అన్నాడు. పొజిషన్ లేనప్పుడు (ఎదుటివాడికంటే ముందుగా ఆడవలసి వచ్చినప్పుడు) రివర్‌లో బెట్ వేయాలో వద్దో ఏ లెక్కతో తేల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు డబ్బు పెట్టకుండా ఆడుతున్నారన్న మాట నాకు సంతోషం కలిగించింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2020లో సవరించి, పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను కూడా నిషేధించింది. 2025లో కేంద్రం చేసిన చట్టం అటువంటి డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. చిప్స్‌తో మాత్రమే ఆడినా ఈ ఆటలోని ఆలోచనకు లోటేమీ ఉండదు కనుక, మీ ప్రశ్నకు వివరంగానే సమాధానం చెబుతాను.

రివర్ తరువాత ఇక ముక్క రాదు. ఎవరి ముక్కలు మెరుగైనవో అప్పటికే తేలిపోయి ఉంటుంది, మనకు తెలియకపోవడమే మిగిలి ఉంటుంది. బటన్ దగ్గర కూర్చున్నవాడు చెక్ చేస్తే ఆట అక్కడితో ముగిసి ముక్కలు తెరుస్తారు. అందుచేత, ఎదుటివాడు తిరిగి రైజ్ చేసే (బెట్‌ను ఇంకా పెంచే) అవకాశాన్ని పక్కన పెడితే, తన బెట్‌కు కాల్ వచ్చిన సందర్భాలలో సగానికి మించి తాను గెలుస్తాడా అన్న ఒక్క ప్రశ్న అతడికి చాలు. ముందుగా ఆడవలసిన మీకు ఆ ప్రశ్న చాలదు, ఎందుకంటే మీ చెక్‌తో ఆట ముగియదు. మీ తరువాత ఎదుటివాడికి బెట్ వేసే హక్కు ఇంకా మిగిలి ఉంటుంది. పొజిషన్ లేకపోవడం వల్ల కలిగే నష్టం ఇదే అయినా, దానిలోనే మీకొక అవకాశం కూడా ఉంది: మీరు చెక్ చేస్తే, ఏమీ లేనివాడు కూడా ధైర్యం చేసి చిప్స్ పెట్టవచ్చు.

మీ ఆటనే తీసుకుందాము. లెక్క కోసం మీ మిత్రుడి దగ్గర ఉండగలిగిన ముక్కలు 20 రకాలని, వాటిలో ప్రతిదానికీ సమాన అవకాశం ఉందని అనుకోండి. వాటిలో 4 మీకంటే మెరుగైనవి. రాజు-రాణి, రాజు-జాకీ వంటివి టర్న్‌లో జాగ్రత్తపడి చెక్ చేసి ఉండవచ్చు. మరో 9 మీకంటే తక్కువైన జతలు: తొమ్మిదుల జత, చేతిలోనే ఉన్న జాకీల జత, చిన్న తోడు ముక్కతో ఉన్న రాజు. మిగిలిన 7 ఆటీను ఫ్లష్ (ఐదు ముక్కలూ ఆటీన్లే అయిన చేయి) కోసం ఎదురుచూసి దక్కనివి. మీరు 200 బెట్ వేస్తే మెరుగైన 4 కాల్ చేస్తాయి, తక్కువ జతలలో 6 కాల్ చేసి 3 ఫోల్డ్ అవుతాయి (పాట్‌ను వదులుకుంటాయి), దక్కని 7 ఫోల్డ్ అవుతాయి. అంటే నాలుగు సార్లు 200 పోగొట్టుకుంటారు, ఆరు సార్లు 600 వస్తుంది, పది సార్లు 400 వస్తుంది. సగటున మీకు దక్కేది 340.

ఇప్పుడు చెక్ చేశారనుకోండి. మెరుగైన 4తో అతడు 200 బెట్ వేస్తాడు, మీరు కాల్ చేసి నష్టపోతారు. తక్కువ జతలు 9 చెక్ అవుతాయి. దక్కని 7లో, అతడు నిదానస్తుడైతే, ఒకదానితో మాత్రమే బ్లఫ్ చేస్తాడు (ఏమీ లేకున్నా బెట్ వేస్తాడు). అప్పుడు మీ సగటు 290కి పడిపోతుంది. అదే అతడు 7లో 6 సార్లు బ్లఫ్ చేసే మనిషైతే చెక్ సగటు కూడా సరిగ్గా 340 అవుతుంది. ఏడింటితోనూ చేస్తే 350 అయి బెట్‌ను మించిపోతుంది.

ఈ అంకెలను ఒకసారి జాగ్రత్తగా గమనించండి. మెరుగైన ముక్కల చేతిలో మీరు రెండు దారులలోనూ 200 పోగొట్టుకుంటున్నారు కనుక ఆ నష్టం పోలికలోంచి తొలగిపోతుంది. మిగిలేది ఒకే తూకం: మీరు బెట్ వేస్తే కాల్ చేసే తక్కువ ముక్కలు ఎక్కువా, మీరు చెక్ చేస్తే తనంతట తాను బెట్ వేసే తక్కువ ముక్కలు ఎక్కువా? మీ మిత్రుడి విషయంలో మొదటివి ఆరు, రెండవది ఒకటి. అతడు తొమ్మిదుల జతతో కాల్ చేస్తాడు, బ్లఫ్ చేయడు. కనుక బెట్ వేయవలసిందే, అదీ పాట్‌లో సగం ఉంటే బాగుంటుంది. మెరుగైన ముక్కలున్నా మీ చెక్ వెనుక తానూ చెక్ చేసి ఊరుకునే మనిషైతే మాత్రం చెక్ వైపు కొంత మొగ్గాలి, ఎందుకంటే అప్పుడు బెట్ వేసినందుకే ఆ 200 పోతుంది. బెట్ వేశాక అతడు రైజ్ చేస్తే రాజుల జతను సందేహం లేకుండా ఫోల్డ్ చేయండి. అటువంటి నిదానస్తులు రివర్‌లో ఒట్టి చేతులతో రైజ్ చేయడం అరుదు.

టర్న్‌లో అతడు చెక్ చేశాడన్న సంగతి ఈ నిర్ణయానికి ఆయువుపట్టు. ఆసు-రాజు గాని, రెండు జతలు గాని ఉన్నవాడు అక్కడ సాధారణంగా బెట్ వేసేవాడు. వేయలేదు కనుక అతడి దగ్గర అతి బలమైన ముక్కలు తక్కువ. టర్న్‌లో కూడా గట్టిగా బెట్ వేసి ఉంటే ఇదే రాజు-పదితో మీరు రివర్‌లో చెక్ చేయడమే సబబయ్యేది. అప్పుడు అతడి చేతిలో మెరుగైనవి ఎక్కువ, దక్కని డ్రాలు (కావలసిన ముక్క కోసం ఎదురుచూసిన చేతులు) కూడా ఎక్కువ, ఊరికే కాల్ చేసే మధ్యస్థ జతలు మాత్రం తక్కువ.

చిన్న బెట్ గురించి మీరు అడగలేదు గాని, పొజిషన్ లేనివారికి అది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. మీ దగ్గర రాజు బదులు తొమ్మిదుల జత ఉండి, ఎదుటివాడు మెరుగైన ముక్కలతో పాట్ అంతటి బెట్ వేసే మనిషి, బ్లఫ్ తక్కువ చేసే మనిషి అనుకోండి. చెక్ చేస్తే 400కు కాల్ చేయాలా మానాలా అన్న ఇబ్బంది వస్తుంది. 400 పాట్‌లో 100 బెట్ వేస్తే, పూర్ణా మార్కెట్‌లో కొట్టువాడికంటే ముందు మీరే ధర చెప్పినట్లు, చాలామంది ఆ 100కే కాల్ చేసి ఊరుకుంటారు. మీకంటే చిన్న జతలు కూడా ఆ ధరకు కాల్ చేస్తాయి. అయితే దీన్ని గమనించి రైజ్‌తో మిమ్మల్ని తరిమే దూకుడు ఆటగాడి ముందు ఇది పనికిరాదు. కనీసం అప్పుడప్పుడైనా అతి బలమైన ముక్కలతో కూడా అదే చిన్న బెట్ వేస్తుంటేనే ఆ దారి మీకు నిలుస్తుంది.

ప్రశ్న: గాజువాక నుంచి వ్రాస్తున్నాను. ముందుగా ఆడే స్థానంలో ఉన్నప్పుడు నా ఫ్లష్ డ్రా రివర్‌లో దక్కకపోతే, గెలవడానికి వేరే దారి లేదు కదా అని ప్రతిసారీ బ్లఫ్ చేస్తున్నాను, తరచుగా కాల్ చేసి పట్టుకుంటున్నారు. పద్ధతి మార్చుకోవాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: మార్చుకోవాలమ్మా. పాట్‌లో సగం బెట్‌తో బ్లఫ్ చేస్తే, ఎదుటివారు మూడింట ఒక వంతుకు మించి ఫోల్డ్ చేస్తేనే మీకు లాభం. పాట్ అంత బెట్ వేస్తే సగానికి మించి ఫోల్డ్ చేయాలి. ఎప్పుడూ కాల్ చేసే మనుషుల ముందు ఈ లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది. వారి ముందు మంచి ముక్కలతో మాత్రమే బెట్ వేయండి.

ఫోల్డ్ చేయగలిగినవారి ముందు కూడా ఏ ముక్కలతో బ్లఫ్ చేయాలో ఎంచుకోవాలి. పై ఆటలోని ముక్కలనే చూడండి. మీ చేతిలో రెండు ఆటీన్లు ఉంటే, దక్కని ఆటీను డ్రా ఎదుటివారి దగ్గర ఉండే అవకాశం తగ్గిపోతుంది. అంటే ఫోల్డ్ చేయవలసిన ముక్కలనే మీరు పట్టుకుని కూర్చున్నారన్నమాట. దానికి బదులు ఆటీను లేని రాణి-జాకీ ఉంటే, పది కోసం చూసి దక్కని స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) డ్రా అది, ఎదుటివారి దగ్గర రాజు-రాణి, రాజు-జాకీ ఉండే అవకాశం తగ్గుతుంది, దక్కని ఆటీన్లు వారి దగ్గరే ఉండగలవు. ఆ చేతితో చేసే బ్లఫ్ ఎంతో మేలు.

కంప్యూటర్లు రాకముందే గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ పోకర్‌ను సరళం చేసి ఒక నమూనా కట్టాడు. అందులో ముందుగా ఆడేవాడు అతి బలమైన చేతులతోనూ, అతి బలహీనమైన వాటిలో కొన్నింటితోనూ బెట్ వేసి, మధ్యస్థ చేతులతో చెక్ చేస్తాడు. ఆ నమూనాలో చెక్ తరువాత రెండవవాడికి బెట్ వేసే వీలు లేదు కనుక మన ఆటకు అది పూర్తిగా సరిపోదు. బలహీనమైన వాటిలో అన్నింటితోనూ బ్లఫ్ చేయకూడదన్న విషయం మాత్రం మీ ప్రశ్నకు నేరుగా వర్తిస్తుంది. సగం పాట్ బెట్‌కు కాల్ చేసేవారు నాలుగింట ఒకసారి గెలిస్తే వారికి నష్టం లేదు. కనుక మీరు మూడు సార్లు మంచి ముక్కలతో బెట్ వేస్తే ఒకసారి బ్లఫ్ చేయడం సమంగా ఉంటుంది. ఆసు ఉండి దక్కని డ్రాల వంటివి ఒక్కోసారి చెక్ తరువాతే గెలుస్తాయి కనుక, వాటిని ఆ ఒక్కసారిలో చేర్చకండి.