అచ్చు తీయగానే రాకింగ్ చైర్ వంపు చెక్కలు విచ్చుకుంటుంటే

రాకింగ్ చైర్ కింద ఉండే రెండు వంపు చెక్కల్నీ మీరు 6 మిల్లీమీటర్ల చెక్క పట్టీలు పొరలుగా అతికించి, అచ్చులో వంచి చేశారు. ఆ పట్టీలు ఈ వంపుకి మరీ మందం, అందుకే అచ్చులోంచి తీయగానే వంపు తగ్గి విచ్చుకుంటున్నాయి. 3 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టండి.

రెండు చెక్కల వంపూ కలవకపోవడానికి కారణం వేరు. మీరు వాటిని విడివిడిగా అతికించారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈసారి రెండింటినీ ఒకే వెడల్పాటి చెక్కగా అతికించి, తర్వాత కోయండి.

1. రెండింటికీ కలిపి సరిపోయే వెడల్పులో పట్టీలు కోయండి. రంపం కోతకీ, చిత్రికకీ కాస్త అదనం ఉంచండి.
2. జిగురు లేకుండా ఒకసారి బిగించి చూడండి.
3. జిగురు రాసి, మధ్య నుంచి చివరలకు క్లాంపులు బిగించండి. 24 గంటలు కదపొద్దు.
4. ఒక అంచు చదును చేసి, అప్పుడు నిలువునా రెండుగా కోయండి.

కొద్దిగా విచ్చుకున్నా టెన్షన్ వద్దు, దాదాపు రెండూ ఒకేలా విచ్చుకుంటాయి. కుర్చీ ఊగుతూ పక్కకు జరగదు.