ప్రాసెసరే పోయిందా?

ప్రశ్న: నేనే విడిభాగాలు కొని డెస్క్‌టాప్ బిగించుకున్నాను. రెండు నెలలు బాగానే నడిచింది, ఇప్పుడు గేమ్ మొదలుపెడితే చాలు, బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ర్యామ్ మార్చినా అంతే. ప్రాసెసర్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: తొందరపడి కొత్తది కొనకండి, ప్రాసెసర్ పాడవడం నిజంగా అరుదు. ముందు బయోస్‌ను (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) డిఫాల్ట్‌కి మార్చండి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్), ఓవర్‌క్లాకింగ్ (మామూలు కంటే వేగంగా నడపడం) ఏమున్నా ఆపేయండి. అప్పటికీ ఆగకపోతే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసేది) పేరుతో ఈవెంట్ 18 ఉందేమో చూడండి. అందులో ప్రాసెసర్ ఏపిక్ ఐడీ (Processor APIC ID) అని ఒక నంబర్ ఉంటుంది, క్రాష్ అయిన ప్రతిసారీ అదే నంబర్ కనిపిస్తుంటే ప్రాసెసర్‌లో పని చేసే భాగాల్లో (కోర్లలో) ఒకే కోర్ తప్పు చేస్తోందన్నమాట, అప్పుడు ప్రాసెసర్‌ను గట్టిగా అనుమానించాలి. నంబర్ మారుతూ ఉన్నా, అసలు ఆ ఈవెంటే లేకపోయినా నేనైతే పవర్ సప్లై, మదర్‌బోర్డు వైపు చూస్తాను. కూలర్ సరిగ్గా బిగిసిందా, వేడి 100 డిగ్రీల దాకా పోతోందా అన్నదీ చూసుకోండి.

చివరి పరీక్ష, మీ ప్రాసెసర్‌ను బాగా పనిచేస్తున్న మరో మదర్‌బోర్డులో పెట్టి చూడటం. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే అయితే సరిపోదు, ఆ బోర్డు బయోస్ కూడా దాన్ని గుర్తించాలి. తీసేటప్పుడు పిన్నులు జాగ్రత్త, ఒక్కటి వంగినా కొత్త సమస్య. అక్కడా క్రాష్ అయితే వారంటీకి పంపేయండి.