సినిమాల్లో చూపించే సమ్మెలు నిజంగా అలాగే జరుగుతాయా?

నేను చేసింది ఒకే ఒక్క సమ్మె. చెన్నై అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో, బళ్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో. 41 రోజులు. మాది నెల్లూరు వైపు. మా షిఫ్టులో తెలుగువాళ్లం ఆరుగురం. ఎవరైనా ‘తోళర్’ (తమిళంలో కామ్రేడ్) అని పిలిస్తే మొదట్లో వెనక్కి తిరిగి చూసేవాళ్లం, ఇంకెవర్నో అనుకుని.

సినిమాలో అయితే గేటు దగ్గర హీరో ఉపన్యాసం, యజమాని రౌడీలు, లాఠీలు, ఓ పాట. మాకు మొదటి వారం దాటాక ఉపన్యాసం చెప్పే ఓపికా లేదు, వినే ఓపికా లేదు. చెట్టు కింద పేపరు తిరగేయడం, టీ కొట్లో అప్పు పెట్టడం, తేనాంపేట లేబర్ ఆఫీసుకు వెళ్లినవాళ్లు ఏం కబురు తెస్తారా అని ఎదురుచూడడం. అక్కడ అధికారి ముందు రాజీ చర్చలు. మేనేజ్‌మెంట్ తరఫున వచ్చినాయన నిర్ణయం తన చేతుల్లో లేదంటాడు, వాయిదా. మళ్లీ వారానికి అదే. ఆ చర్చల్లో కుదిరిన ఒప్పందాన్ని పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ నంబరుతోనే ‘12(3)’ అనేవాళ్లం. సంతకం రానివాళ్లకు కూడా ఆ నంబరు నోటికి వచ్చు. నేను చూసిన ఏ సినిమాలోనూ ఈ మాట వినపడలేదు.

ఎనిమిది రోజుల కోత కూడా అంతే. నోటీసు లేకుండా పదిమందో ఇంకా ఎక్కువమందో కలిసి పని మానేస్తే ఎనిమిది రోజుల దాకా జీతం కోయొచ్చని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనే ఉండేది. అసలు సమ్మెకు ముందు, క్యాంటీన్ సాంబారు గొడవ మీద ఒక్క రోజు మెషీన్లు ఆపాం. నెలాఖరున చీటీ చూసుకుంటే ఎనిమిది రోజులు ఎగిరిపోయాయి.

నాకు కాస్త నిజం అనిపించింది ‘మనుషులు మారాలి’ (1969). యూనియన్ నాయకుడు పోయాక కథ గేటు వదిలి ఇంట్లోకి, అతని భార్య శారద దగ్గరికి వస్తుంది. ముగింపు మరీ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ బరువు ఎవరి మీద పడుతుందో ఆ సినిమాకు తెలుసు. మూడో వారానికి మా ఆవిడ గాజులు సేటు కొట్టుకు వెళ్లాయి. అప్పుడేమీ అనలేదు. పిల్లాడి ఫీజు కట్టాల్సిన రోజు మాత్రం ‘మీ తోళర్లను అడగండి’ అంది.

తెర మీద కార్మికులంతా ఒక్కటే పిడికిలి. మద్రాస్ లేబర్ యూనియన్ 1918లో పుట్టింది ఈ ఊళ్లోనే, బిన్నీ కంపెనీ వాళ్ల బకింగ్‌హాం, కర్ణాటిక్ బట్టల మిల్లుల దగ్గర. 1921లో అవే మిల్లుల సమ్మె నెలల తరబడి సాగి కులాల వారీగా చీలింది. పనిలోకి వెళ్లిన ఆది ద్రావిడులకూ (దళితులకూ), సమ్మెలో ఉన్నవాళ్లకూ పుళియంతోపులో కొట్లాటలు, గుడిసెలు తగలబడడం. ఈ చీలికను ఎవరైనా సినిమాగా తీస్తే మొదటి టిక్కెట్టు నేనే కొంటాను.

మా దగ్గర గీత పర్మినెంటుకూ కాంట్రాక్టుకూ మధ్య. కాంట్రాక్టు కుర్రాళ్లు వెనక గేటులోంచి లోపలికి పోతుంటే ‘కరుంగాలి’ అని అరిచేవాళ్లం, అంటే తమిళంలో సమ్మెకు ద్రోహం చేసి పనిలోకి పోయేవాడు. సినిమాలో అయితే వాడు యజమాని చెంచా. ఇక్కడ అందులో ఒకడు మా పిన్ని కొడుకు. ఊరి నుంచి తీసుకొచ్చి చేర్పించింది నేనే. రాత్రి మా ఇంట్లోనే అన్నం తినేవాడు. కంపెనీ ఊసెత్తకుండా ఇద్దరం టీవీ చూసేవాళ్లం.

అడిగినదాంట్లో సగం కూడా రాలేదు, 42వ రోజు లోపలికి వెళ్లాం. ఆ 12(3) కాగితంలో కాంట్రాక్టు వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. మా తమ్ముడు ఆ నెలలోనే ఊరెళ్లిపోయాడు.