సజ్దా అంటే ఏమిటి? అది సాష్టాంగ నమస్కారమేనా?

సజ్దా అంటే నమాజులో మోకాళ్ల మీదికి దిగి నుదురూ ముక్కూ నేలకు ఆనించే భంగిమ. సాష్టాంగ నమస్కారం మాత్రం కాదు.

ఇది అరబీ మాట, ఉర్దూ మీదుగా మనదాకా వచ్చింది. సాగిలపడటం అని అర్థం. సజ్దా చేసే చోటు కాబట్టి అరబీలో 'మస్జిద్' అన్నారు, అదే మన మసీదు. సజ్దా మాట ఎప్పుడూ వినలేదనేవాళ్లు కూడా దాని చుట్టాన్ని రోజూ వాడుతున్నట్టే.

సాష్టాంగంలో ఒళ్లంతా నేలమీద బోర్లా చాస్తాం. సజ్దాలో అలా కాదు, నేలకు తగిలేవి ఏడే: ముక్కుతో కలిపి నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. పొట్ట ఆనదు. ఆ స్థితిలో 'సుబ్‌హాన రబ్బియల్ ఆలా' అంటారు, అంటే అత్యున్నతుడైన నా ప్రభువు పరమ పవిత్రుడు అని. తనను ఇంతకంటే దించలేనంత కిందికి దించుకుని, దేవుణ్ని అందరికంటే పైవాడు అనడం అందులోని భావం.

ఉదాహరణకు తెల్లవారుజాము ఫజ్ర్ నమాజులో తప్పనిసరి రకాతులు (నమాజులో మళ్లీ మళ్లీ చేసే ఆవృత్తులు) 2. ఒక్కో రకాతులో నడుము వంచే రుకూ ఒకటి, తర్వాత సజ్దాలు రెండు, వాటి మధ్య కాస్త కూర్చోవడం. మొత్తం 4 సజ్దాలు.

చాలామంది సజ్దా మక్కాలోని పవిత్ర కట్టడం కాబాకు చేస్తారనుకుంటారు. కాబా అందరూ ముఖం తిప్పాల్సిన దిక్కు మాత్రమే, సజ్దా అల్లాహ్‌కే. అన్ని నమాజుల్లోనూ సజ్దా ఉంటుందన్నదీ పొరపాటే: మృతుల కోసం చేసే జనాజా నమాజు మొత్తం నిలబడే పూర్తిచేస్తారు.