పన్ను పీకించేసినా మంట పోలేదు, అందుకే చెబుతున్నా

కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించి, క్యాప్ పెట్టించి నాలుగు నెలలైనా మంట పోలేదు, ఎక్స్‌రేలో ఏమీ కనబడటం లేదు, ఇక పీకించేయనా అని అడిగారు. కాస్త ఆగండి. నేను సరిగ్గా ఆ పనే చేశాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఐదు నెలలు ఓర్చుకుని, ఇక నా వల్ల కాక పట్టుబట్టి పీకించుకున్నాను (డాక్టరు వద్దనే అన్నాడు పాపం). పన్ను పోయింది, మంట మాత్రం ఆ ఖాళీ చిగురులోనే కూర్చుంది. తర్వాత పక్క పన్ను మీద అనుమానం మొదలైంది. అదీ పీకించేసేవాణ్ణే.

నా తప్పు ఏంటంటే, వెళ్లిన ప్రతిచోటా ఒడియాలో ‘దాంత బింధుచి’ అని చెప్పి ఊరుకోవడం. పన్ను నొప్పి అంటే వాళ్లు పన్నే చూస్తారు మరి. మనకి సలుపు వేరు, పోటు వేరు, చల్లనీళ్లకి జివ్వుమనడం వేరు, ఇదంతా నాకు ఆ భాషలో చెప్పడం రాలేదు. చివరికి విశాఖపట్నంలో ఒక పెద్దావిడ డాక్టరు ‘నొప్పి అనకు నాయనా, ఎలా ఉంటుందో చెప్పు’ అంది. పచ్చిమిరపకాయ నూరి చిగురుకి పూసినట్టు రోజంతా మంట, గెడ్డం గీసుకుంటే చురుక్కుమంటుంది, రాత్రి నిద్రలో మాత్రం లేపదు అన్నాను. ఆవిడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూసింది. పెదవి మొద్దుబారిపోయింది గాని మంట సగం కూడా తగ్గలేదు. పంటిలోంచే వస్తుంటే మత్తుకి తగ్గాలి కదా, ఇది నరం గొడవలా ఉంది అంది.

అలాగని మీదీ నరమే అని నేననను. ముందు పన్ను సంగతి తేల్చుకోండి. క్యాప్ ఎత్తుగా ఉంటే నమిలినప్పుడల్లా ఆ పన్నుకే దెబ్బ తగులుతుంది, రంగు కాగితం కొరికించి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వేరులో సన్నటి పగులున్నా, వేరు లోపలి కాలువ ఒకటి శుభ్రం చేయకుండా మిగిలిపోయినా మామూలు చిన్న ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, సీబీసీటీ స్కాన్ (పన్నునీ దవడనీ అన్ని వైపుల నుంచీ చూపించే 3డి ఎక్స్‌రే) తీస్తే బయటపడే అవకాశం ఎక్కువ. కొరికితేనే నొప్పి అంటే పన్ను మీద అనుమానం, ఏమీ చేయకపోయినా మంట అంటే నరం మీద అనుమానం. కరెంటు షాకులా కొన్ని సెకన్లు కొట్టి ఆగిపోతుంటే అది ఇంకో రకం, న్యూరాలజిస్టుకి చూపించాలి. వాపు, జ్వరం, మింగలేకపోవడం ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

నరం నొప్పికి మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచేయవు. నేను నెలల తరబడి మింగి కడుపు పాడుచేసుకున్నాను, లవంగ నూనె పదేపదే రాసి చిగురు కాల్చుకున్నాను. నాకు అమిట్రిప్టిలిన్ చిన్న డోసులో రాత్రిపూట వేసుకోమన్నారు. మందుల షాపు కుర్రాడు ‘ఇది డిప్రెషన్‌కి కదా సార్’ అనేసరికి మా ఆవిడకి ఒకటే టెన్షన్. అదే మందు తక్కువ డోసులో నరాల నొప్పికీ ఇస్తారట. మొదటి వారం పొద్దున్నే మత్తు, నోరు ఎండిపోవడం, బండి తీయలేదు. మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం చోడి అంబలి తాగి గ్లాసు కింద పెట్టాక గుర్తొచ్చింది, పొద్దున్నుంచి దవడ సంగతే తలుచుకోలేదని. ఇంకొకరి చీటీ చూసి కొనుక్కోకండి, మీ అంతట మీరు ఆపేయకండి.

ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చలికాలం మహేంద్రతనయ వంతెన మీద బండి నడిపితే మొహానికి తువ్వాలు చుట్టుకోవాల్సిందే. డాక్టరు దగ్గరకి వెళ్లే ముందు ఒక వారం, ఏ వేళకి, ఏం చేస్తే, ఎలాంటి మంట వచ్చిందో కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. పాత ఎక్స్‌రేలన్నీ పట్టుకెళ్లండి, నావి రెండు పోయి మళ్లీ తీయించుకోవాల్సి వచ్చింది.