మోకాళ్లు నొస్తుంటే ఒళ్లు తగ్గేదెలా?

ప్రశ్న: నా వయసు 52. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 78 కిలోలు. మోకాళ్లలో గుజ్జు కాస్త అరిగిందని, బరువు తగ్గమని డాక్టరు చెప్పారు. సిమెంటు రోడ్డు మీద రోజూ గంట నడిస్తే పది రోజులకే మోకాళ్లు వాచాయి. మానేస్తే మూడు కిలోలు పెరిగాను. ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంది. తొక్కొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొక్కొచ్చు. అసలు నడకకన్నా ముందు దాని మీదే మొదలుపెట్టాల్సింది. సైకిల్ మీద ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటే మోస్తుంది.

అయితే ముందు సీటు ఎత్తు చూసుకోండి. కాళ్లు నేలకు అందాలని చాలామంది సీటు బాగా దించేస్తారు. అప్పుడు మోకాలు ఎక్కువగా మడుచుకుని, తొక్కిన ప్రతిసారీ చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. చిప్ప ముందు నొప్పి వచ్చేది అందుకే. సీటు మీద కూర్చుని, ఒక పెడల్‌ను పూర్తిగా అడుక్కి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. నడుము పక్కకు ఒరగకుండా కాలు నిటారుగా చాచుకుంటే ఎత్తు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు మడమ కాదు, పాదం ముందుభాగం పెడల్ మీద ఉండాలి. అప్పుడు మోకాల్లో కొద్దిగా వంపు మిగులుతుంది.

బిగువు నాబ్ బాగా వదులు చేయండి. మొదటి వారం పూటకు 5 నిమిషాలు, రోజుకు రెండు పూటలు. ఆ తర్వాత వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచండి. నాబ్ బిగించి తొక్కితే కొవ్వు త్వరగా కరుగుతుందని ఎవరైనా చెబితే వినకండి. ముందు అలిసేది మోకాలే.

దీంతోపాటు తొడ ముందు కండరం గట్టిపడాలి. అడుగు వేసినప్పుడు అదురును కాచేది అదే. నొప్పి వల్ల కదలడం తగ్గించేకొద్దీ అదీ నీరసిస్తుంది. గట్టి మంచం మీద వెల్లకిలా పడుకోండి. ఒక మోకాలు మడిచి పాదం ఆనించి, రెండో కాలు చాచి తొడ బిగించండి. వేళ్లు మీవైపు లాక్కుని కాలు జానెడు పైకెత్తి, 5 లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. ఒక్కో కాలికి పదేసి, రెండు విడతలు. ఎత్తేటప్పుడు మోకాలు వంగుతోందంటే తొడ బిగువు సడలిందన్నమాట. ఆపి, మళ్లీ బిగించి ఎత్తండి.

చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు నాలుగు పాళ్లు ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి మామూలైపోవాలి. కాకపోతే సగానికి తగ్గించండి, మానకండి. స్కిప్పింగ్, గుంజీళ్లు, గొంతుక్కూర్చుని బట్టలుతకడం ప్రస్తుతానికి వద్దు. నడక రెండు నెలలయ్యాక, పార్కు మట్టిదారిలో, పదేసి నిమిషాలుగా.

ఇక కంచం సంగతి. మీ బరువుకు అరగంట తేలిగ్గా తొక్కితే ఖర్చయ్యేది ఇంచుమించు 100–150 కేలరీలు. ఓ కప్పు అన్నంలోనే 200 దాకా ఉంటాయి. కాబట్టి రాత్రి ఒక కప్పు అన్నం తగ్గించి, ఆ చోట కూర, పప్పు, గుడ్డు పెట్టుకోండి. వారానికి అరకిలో తగ్గితే చాలు. ఒక్క కిలో తగ్గినా అడుగడుగునా మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. షుగరుకు ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పండి.

మోకాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, కదపబోతే పట్టేసినా, ఒక పిక్క మాత్రమే వాచినా వ్యాయామం ఆపి వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: మా అమ్మగారికి ఎడమ మోకాలు నొప్పి. మోకాలి బెల్టు కొనాలా, చేతికర్రా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: బెల్టుతో వెచ్చగా, కాస్త ధైర్యంగా ఉంటుంది, అంతే. పడుకునేటప్పుడు తీసేయాలి. బయట నడిచేటప్పుడు కర్రే ఎక్కువ పనికొస్తుంది. అది కుడిచేతిలో ఉండాలి, ఎడమ కాలితో పాటే ముందుకు పడాలి. నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అడుగున రబ్బరు బూచు అరిగితే మార్చండి.