ఎయిర్‌ఫోర్స్ గోడ దగ్గర డ్రోన్ లేపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డ్రోన్ కొన్నావనీ, మొదటి పెళ్లి ఆర్డరే దుండిగల్ వైపు ఫామ్‌హౌస్‌లో పడిందనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగైనా చదువు.

దుండిగల్ అంటే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. అక్కణ్ణుంచి కొద్ది దూరంలోనే హకీంపేట. రెండుచోట్లా కుర్రాళ్లు విమానాలు నేర్చుకుంటారు. శంషాబాద్‌లో దిగే విమానం ఎన్నింటికి వస్తుందో ఎవరైనా చెప్పగలరు. ఇక్కడ ఏది ఎప్పుడు లేస్తుందో నీకెవరూ చెప్పరు. ఫోన్‌లో విమానాలు చూపించే యాప్‌లు ఉన్నాయి కదా అనకు, మిలటరీ విమానాలు చాలావరకు వాటిలో కనబడవు. శిక్షణ విమానాలు రన్‌వే చుట్టూ తిరుగుతూ, చక్రాలు ఆనీ ఆనగానే మళ్లీ లేస్తుంటాయి. హెలికాప్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. లెక్క కట్టి చూడు, రన్‌వే మీద చక్రాలు ఆనే చోటుకి 2 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 340 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. ‘400 అడుగుల లోపే ఎగరేస్తా కదా’ అనే వాళ్లకి నేను చెప్పే లెక్క ఇదే.

ఇక రూల్స్. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలే ఇప్పుడు మనకి ఆధారం. ఆకాశాన్ని మూడు రంగులుగా విడగొట్టారు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో కనబడతాయి. పచ్చ రంగులో 400 అడుగుల దాకా పర్మిషన్ అక్కర్లేదు. పసుపులో అక్కడి ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ వాళ్లు, ఒప్పుకోవాలి, మిలటరీ రన్‌వే అయితే ఆ ఏటీసీ ఎయిర్‌ఫోర్స్‌దో నేవీదో అవుతుంది. ఎరుపు అంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి. పెళ్లి వీడియో కోసం అది వస్తుందని ఆశ పెట్టుకోకు.

చాలామంది తప్పేది మధ్యలో ఉన్న ఒక పట్టీ దగ్గర. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటాక 12 కిలోమీటర్ల దాకా పచ్చే, కానీ 200 అడుగుల వరకే. ఆ పైన పసుపు. పచ్చ రంగు చూసి 400 అనుకుంటారు. 8 లోపల ఎక్కడ ఎరుపు, ఎక్కడ పసుపు అన్నది మ్యాప్‌లోనే చూడాలి, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో చెప్పిన కిలోమీటర్లు నమ్మకు. దూరం కొలిచేది రన్‌వే మధ్యనుంచి కాదు, ప్రహరీ గోడ నుంచి. ఆ గోడ నువ్వు అనుకున్నదాని కన్నా నీకు దగ్గరగా ఉంటుంది.

ఈ 200 అడుగుల పట్టీలోనే నేను ఇరుక్కున్నాను. ఏ ఊరో వద్దులే. అప్పటికి ఎనిమిదేళ్ల అనుభవం ఉంది నాకు, అదే కొంప ముంచింది. ఫామ్‌హౌస్ గోడకి తొమ్మిది కిలోమీటర్ల అవతల ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. మేడ మీద నుంచి లేపాను, 45 మీటర్లు దాటనివ్వలేదు. రూల్ పాటిస్తున్నాననే ధీమా. ఊరేగింపు బ్యాండ్ దగ్గరికి వచ్చింది, డీజే లైట్లు, జనం, ఎక్కడో సిగ్నల్ తెగింది. సిగ్నల్ తెగితే డ్రోన్ ఏం చేస్తుంది? తనంతట తానే లేచిన చోటికి తిరిగొస్తుంది, దాన్నే రిటర్న్ టు హోమ్ అంటారు. కానీ ముందు దానికోసం మనం పెట్టిన ఎత్తుకి లేచి, ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. అంతకు ముందు వారం కొండల మధ్య షూట్ కోసం ఆ ఎత్తుని 120 మీటర్లకి మార్చాను. తిరిగి తగ్గించలేదు. స్క్రీన్ మీద కనబడే ఎత్తు నేల నుంచి కాదు, డ్రోన్ లేచిన చోటు నుంచి. మేడ 12 మీటర్లు. మొత్తం 132, అంటే 433 అడుగులు. నా కళ్ల ముందే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ పైకి పోతోంది, రిమోట్ నా మాట వినడం లేదు.

అది బుద్ధిగానే తిరిగొచ్చి దిగింది. కానీ రోడ్డు మీద ఎవరో చూసి ఫోన్ చేశారు. ముహూర్తం వేళకి నేను పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉన్నాను. మెమరీ కార్డు నాలుగు రోజుల తర్వాత చేతికొచ్చింది. వాళ్లని తప్పు పట్టను. మ్యాప్ చూశానని నోటితో చెప్పాను తప్ప, చూపించడానికి ఒక్క స్క్రీన్‌షాట్ లేదు నా దగ్గర.

కాబట్టి పని ఇలా చెయ్యి. షూట్‌కి ముందురోజు ఒకసారి, ఆ రోజు లేపే ముందు ఇంకోసారి మ్యాప్ చూడు. రెండుసార్లు ఎందుకంటే, పోలీసులు ఏదైనా ప్రాంతాన్ని 96 గంటల దాకా తాత్కాలికంగా ఎరుపు చెయ్యగలరు. వీఐపీ పర్యటన ఉంటే నిన్నటి పచ్చ ఇవాళ ఎర్రబడుతుంది. తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, రిజిస్ట్రేషన్ నంబర్ కాగితంతో కలిపి జేబులో పెట్టుకో. నీ డ్రోన్ 250 గ్రాములు దాటింది, పైగా డబ్బు తీసుకుని తీస్తున్నావు, కాబట్టి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది లేకుండా ఆర్డర్ ఒప్పుకున్నావా? అయితే ముందు ఆ సంగతి చూడు. బుల్లి డ్రోన్ తెచ్చుకుంటే గొడవ లేదనే సలహా కూడా వస్తుంది నీకు. సర్టిఫికెట్ బాధ తప్పుతుందేమో గానీ, ఎరుపు దానికీ ఎరుపే.

రిటర్న్ టు హోమ్ ఎత్తు ప్రతి చోటా మార్చు. 200 అడుగులంటే 61 మీటర్లు, మేడ మీద నుంచి లేపితే మేడ ఎత్తు అందులోంచి తీసెయ్. చెట్లు అంతకన్నా ఎత్తుగా ఉంటే అక్కడ డ్రోన్ వద్దు, అంతే.

నిషేధం ఉన్నచోట డ్రోన్ కంపెనీ యాపే లేవనివ్వదు, అది ఆపలేదు కాబట్టి పర్వాలేదనుకోకు. అమెరికాలో డ్రోన్లు తయారుచేసే డీజేఐ వాళ్లు 2025 జనవరిలో ఆ అడ్డుకట్టే తీసేసి, హెచ్చరికతో సరిపెట్టారు. చూసుకోవాల్సింది ఎగరేసేవాడే. స్థావరాల దగ్గర సిగ్నల్‌నీ జీపీఎస్‌నీ అడ్డుకునే జామర్లూ ఉండొచ్చు. జీపీఎస్ పోయిన డ్రోన్ ఒకచోట నిలబడటం కష్టం, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోవచ్చు.

2021 జూన్ 27 తెల్లవారుజామున జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు వేశారు. ఆ ఏడాదే నేవీ తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్లలో డ్రోన్లు ఎగరవద్దని ప్రకటనలు ఇచ్చింది. విశాఖలో షూట్లు వస్తే గుర్తుంచుకో, అక్కడ నేవీ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. గోడ లోపలివాడికి నీది పెళ్లి డ్రోనో మరోటో కింద నుంచి ఎలా తెలుస్తుంది? డ్రోన్ నిబంధనల కింద జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. నా భయం దాని గురించి కాదు. వధువు కారు వెనకాల హ్యాంగర్లు, అంటే విమానాలు పెట్టే షెడ్లు, ఫ్రేమ్‌లో పడితే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా వెళ్లే ప్రశ్నలు వస్తాయి. కెమెరా అటువైపు తిప్పనే తిప్పకు.

పెళ్లివాళ్లకి ముందే చెప్పు, డ్రోన్ షాట్లు మ్యాప్‌ని బట్టి అని. అడ్వాన్సు తీసుకునేటప్పుడు చెబితే ఎవరూ గొడవ చెయ్యరు. మండపం దగ్గర చెబితేనే గొడవ. డ్రోన్ బదులు క్రేన్ పెట్టి తీసిన పెళ్లిళ్లు నా దగ్గర చాలానే ఉన్నాయి, ఒక్కరూ ‘ఇదేంటి’ అనలేదు.

ఆ ఫామ్‌హౌస్ లొకేషన్ పిన్ ఇవాళ రాత్రికి నాకు పంపు. ఎరుపులో పడితే పెళ్లికొడుకు నాన్నతో నేను మాట్లాడతాను.

మీ అమ్మకి చెప్పకు, పోలీస్ స్టేషన్ సంగతి ఆవిడకి తెలియదు.

నీ మామయ్య